రెండో రోజు నుంచి మొదలయ్యే కథ

తలుపు అవతల నా కొడుకు అర్థం లేని మాటలు చదువుతున్నాడు. గలిపు, అన్నాడు. కాస్త ఆగి, తొమేడు. ఇంకాస్త ఎక్కువ ఆగి, నిస, నిసకె, కాదు, నిసరికె. ఇలాంటి మాటలు ఎక్కడా లేవు. లేవు కాబట్టే చదివిస్తారట. తెలిసిన మాటైతే మనిషి దాని వాలకం చూసి పోల్చుకుని చెప్పేస్తాడట, ముక్కూ మొహం తెలియని మాటైతే అక్షరం అక్షరం కూడబలుక్కోక తప్పదట, అప్పుడు అసలు సంగతి బయటపడుతుందట. వాణ్ణి లోపలికి తీసుకుపోతూ పరీక్ష చేసే అమ్మాయి చెప్పింది. నేను అడగలేదు. ముప్పై దాటి, మీసంలో తెల్లవెంట్రుకలు మొదలైన మనిషి, పెద్ద పెద్ద భవనాల్లో ఆగిపోయిన లిఫ్టుల్ని కదిలించేవాడు, ఒకటో తరగతి పిల్లాడిలా నిస, నిస అంటున్నాడు. తలుపు పల్చటిది. ఇలాంటి గదులకి దళసరి తలుపులు పెట్టించాలని ఎవరికీ తోచదు. నేను లేచి ఆ చివరి కుర్చీలోకి మారవచ్చు. మారలేదు.

కుర్చీలు నేలకి బోల్టులు వేసి బిగించినవి. ఎవరైనా ఎత్తుకుపోతారని కాబోలు. ఎదురు గోడ మీద సగం నీలం, సగం నారింజ రంగులో మెదడు బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు. చదివేశాను. డిస్లెక్సియా జబ్బు కాదు, తెలివికీ దీనికీ సంబంధం లేదు, కుటుంబాల్లో వస్తూ ఉంటుంది, ఏ వయసులోనైనా గుర్తించవచ్చు. నీళ్ళ ఫిల్టరు మీద ఉన్నది చదివాను. మంటలొస్తే ఎటు పరిగెత్తాలో రాసిన బోర్డు చదివాను. అక్షరం కనబడితే చదవకుండా కళ్ళు తిప్పుకోవడం నాకు చేతకాదు. పొట్లం కట్టిన కాగితం, మందు సీసా వెనక సన్న అక్షరాలు, ఏదీ వదలను. చదివింది పల్లెటూరి బడిలో, అదీ ఐదు వరకే. ఒకే గది, ఒకే పంతులు, ఆయన చేతిలో ఒకే బెత్తం. మధ్యాహ్నం కునుకు తీస్తూ మా చేత వంతులవారీగా పేపరు చదివించుకునేవాడు. ఎవరైనా తప్పు చదివితే కళ్ళు తెరవకుండానే బెత్తం విసిరేవాడు. నా మీదికి ఎన్నడూ విసరలేదు. చదువు నాకిచ్చిన బిరుదు అదొక్కటే. అలాంటివాడికి పుట్టినవాడు తొమ్మిదేళ్ళొచ్చినా మా లాండ్రీ బోర్డు మీద సొంత ఇంటిపేరు చదవడానికి నీళ్ళు నమిలితే నేనేం అనుకోవాలి. బద్ధకం అనుకున్నాను. ఇప్పటికీ సగం అదే అనుకుంటున్నాను. గోడకి మెదడు బొమ్మ తగిలించినంత మాత్రాన లోకంలోంచి బద్ధకం లేచిపోయిందా.

లోపల ఇప్పుడు అంకెలు. ఆ అమ్మాయి ఏడు, రెండు, తొమ్మిది అంటే వాడు తొమ్మిది, రెండు, ఏడు అనాలి. మొదట బాగానే అన్నాడు. అంకెలు పెరిగేకొద్దీ వాడి గొంతు బరువెక్కుతోంది. ఇంట్లో వాడు మాట్లాడేది తక్కువ. వాడి గొంతు ఇంతసేపు విని ఎన్నాళ్ళయిందో. కంపెనీలో వాణ్ణి ‘చెవి’ అంటారట. మోటారు గది తలుపు తెరవకముందే శబ్దం విని జబ్బు చెప్తాడని. మా కోడలు అది గొప్పగా చెప్పింది. చెవి ఉంటే ఏం లాభం, కొత్త రూలు కంటికి పెట్టింది పరీక్ష. లిఫ్టు మీద ఒంటరిగా చెయ్యి వెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. లైసెన్సుకి రాతపరీక్ష. కంప్యూటరు తెర మీద ప్రశ్నలు, మూలన గడియారం తరిగిపోతూ ఉంటుంది. రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ తప్పాడు. “తెలియక కాదు నాన్నా. వాక్యం చివరికి వచ్చేలోపు మొదలు మర్చిపోతున్నా” అన్నాడు. “మర్చిపోవడానికి అదేమైనా రామాయణమా” అన్నాను. మూడోసారి తప్పితే ఇక లేదు, మళ్ళీ హెల్పరే. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ వెనక పనిముట్ల సంచీ మోసుకుంటూ తిరగాలి. ఈ అమ్మాయి రాసిస్తే పరీక్ష హాల్లో ప్రశ్నలు పైకి చదివి వినిపించే మనిషిని ఇస్తారు, టైము పెంచుతారు. రాసివ్వకపోతే లేదు. రాసివ్వాలంటే నేను కావాలి. “పెద్దయ్యాక వచ్చినవాళ్ళతో ఇదే చిక్కండీ” అంది ఆ అమ్మాయి. “కళ్ళ వల్ల కావచ్చు, దిగులు వల్ల కావచ్చు, అసలు సరిగ్గా బడికే పోకపోయి ఉండొచ్చు. చిన్నప్పట్నుంచీ ఉందని తెలియాలి. అది ఇంట్లో పెద్దవాళ్ళే చెప్పాలి. కూర్చుని గుర్తు చేసుకోండి, పిలుస్తాను.” గుర్తు చేసుకోండి అని ఎంత తేలిగ్గా అంటారో. అల్మారాలో చెయ్యి పెట్టి తీసిచ్చినట్టు.

నాలుగు కుర్చీల అవతల ఒకావిడ కూర్చుని ఉంది. కూతురు పక్క గదిలో ఉందట. చేతిలో పిల్ల టిఫిన్ డబ్బా, మూత తీస్తుంది, పెడుతుంది. “మనవడాండీ లోపల?” అంది. కొడుకు అన్నాను. “ఏ క్లాసు?” లిఫ్టులు బాగుచేస్తాడన్నాను. ఆవిడ కాసేపు మూత సంగతి చూసుకుంది. తర్వాత, “మా దానికి మూడో క్లాసులోనే తెలిసిపోయింది, టీచరే చెప్పింది, అదృష్టం” అంది. అదృష్టమట. మా వాడికి మూడో క్లాసులో టీచరు వాడి చెవికి చెప్పింది, అంటే మెలిపెట్టి చూపించింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం తప్పించుకుని మెదడు బొమ్మ చూస్తూ కూర్చున్నాం. నీలం వైపు కొంచెం చిరిగింది.

గుర్తు చేసుకోవాలి. మాటలు ఎప్పుడొచ్చాయి. తెలియదు. నడక ఎప్పుడొచ్చింది. ఒకనాడు దుకాణంలో ఇస్త్రీ బల్ల కిందనుంచి నడుచుకుంటూ వచ్చాడు, అంతకుముందు నడిచాడో లేదో నాకేం తెలుసు. అక్షరాలు ఎవరు నేర్పారు. వాళ్ళమ్మ. బడికి ఎవరు దింపారు. ఆమె. టీచరు పిలిస్తే ఎవరు పోయి నిలబడ్డారు. ఆమె. అన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి, అన్నీ పట్టుకుని పోయింది. పోయి ఇది నాలుగో ఎండాకాలం. ఊపిరితిత్తులు. ఒక డాక్టరు బొగ్గుల పొగ అన్నాడు, ఇంకో డాక్టరు గంజి ఆవిరి అన్నాడు, ఇద్దరూ కలిసి ఏమీ చెయ్యలేదు. మూడు గదుల ఇల్లు, ముందు గది లాండ్రీ. రోజంతా బట్టల మధ్యే ఆమె. నేను కౌంటర్లో కూర్చుని లెక్క చూసుకునేవాణ్ణి, పేపరు చదువుకునేవాణ్ణి, వచ్చేపోయేవాళ్ళ నడవడిక మీద తీర్పులు చెప్పేవాణ్ణి. “జడ్జీగారు బెంచి ఎక్కారు” అనేది లోపల్నుంచి. నాకు వినబడేలాగే అనేది. సాయంత్రాలు ఇస్త్రీ చేస్తూ వాడి పాఠాలు పైకి చదివేది. పుస్తకం బల్ల అంచున తెరిచి పెట్టుకుని, పెట్టె ముందుకి పోయేటప్పుడు ఒక వాక్యం, వెనక్కి వచ్చేటప్పుడు ఒక వాక్యం. వాడు కింద ఉతకని బట్టల కుప్ప మీద వెల్లకిలా పడుకుని కప్పు చూస్తూ వినేవాడు. “చదవాల్సినవాడు పడుకుంటాడు, పని ఉన్నది చదువుతుంది, ఏం సంసారమే ఇది, రేడియో వినబడ్డం లేదు, ఆపు” అనేవాణ్ణి. గొంతు తగ్గించేది. ఆపేది కాదు. నదుల పేర్లు, రాజుల పేర్లు, గాలిలో ఏయే వాయువులుంటాయో, నాకూ కొన్ని అలా వచ్చేశాయి. పదో తరగతి వాడు గట్టెక్కింది ఆ పెట్టె మీదే. అంటే ఆమెకి తెలుసు. పేరు తెలియకపోయినా వాడికి కంటితో ఎక్కదు, చెవితో ఎక్కుతుందని తెలుసు. వాడికీ తెలుసు. ఆ మూడు గదుల్లో తెలియనిది నాకొక్కడికే. కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నాం అన్నేళ్ళు. చెప్తే నేనేం చేసేవాణ్ణో ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. అయినా చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్కటీ నేను ఆమెకి మాఫీ చెయ్యను.

లోపల ఇప్పుడు రంగుల పేర్లు. ఎరుపు, పచ్చ, నీలం, ఎరుపు, నలుపు, పచ్చ. ఎంత వేగంగా చెప్పగలడో చూస్తున్నారు. వాడు నలుపు దగ్గర తట్టుకుంటున్నాడు. నలుపు తెలియకనా. తెలిసినదాని పేరు నోటికి రావడానికి దారిలో ఎక్కడో ఒక గేటు. గేటు తెరిచేలోపు పక్కవాడు వెళ్ళిపోతాడు. ఇది నా ఊహ, గోడ మీద రాసి లేదు. కోడలు గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో హోటల్లో మెనూ చూసి వాడు ఎప్పుడూ ‘నువ్వు తినేదే నాకూ’ అనేవాడట. ప్రేమ అనుకుందట. తర్వాత కరెంటు బిల్లు చేతికిచ్చి “కాస్త చదువు, కంట్లో నలుసు పడింది” అన్నాడట. నలుసు ఎన్నాళ్ళుంటుంది అని అప్పుడు ఆలోచించిందట. ఫోన్లో రాసి పంపడం మానేసి మాట్లాడి పంపడం మొదలుపెట్టింది. ఈ చోటు వెతికింది, రోజు ఖాయం చేసింది, నా దగ్గరికి వచ్చి నిలబడింది. “మామయ్యా, చిన్నప్పటి సంగతులు అడుగుతారంట. మీరు వెళ్ళాలి. అత్తయ్య లేరు కదా.” “లేదని నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు” అన్నాను. “గుర్తు చెయ్యడానికి కాదు మామయ్యా, ఉన్నది మీరే కాబట్టి” అంది. అలా మాట్లాడుతుంది. మా ఆవిడే నయం, లోపల్నుంచి అనేది.

తలుపు తెరుచుకుంది. వాడు బయటికొచ్చి నీళ్ళ ఫిల్టరు దగ్గరికి పోయాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. లిఫ్టు గోతిలోకి దిగి వచ్చినప్పుడు కూడా అలా ఉండదు. నా వంక చూడలేదు. ఆ అమ్మాయి “రండి సార్” అంది.

చిన్న బల్ల. మాటలు రాసిన అట్టలు బోర్లించి ఉన్నాయి. కూర్చున్నాను. మాటలు ఎప్పుడొచ్చాయని అడిగింది. తెలియదన్నాను. చెవిపోటు, ఫిట్సు, తలకి దెబ్బలు. లేవన్నాను, ఉంటే వాళ్ళమ్మకి తెలిసేవన్నాను. ఇంట్లో ఇంకెవరికైనా చదవడం ఇబ్బందా. నాకు కాదు అన్నాను, అవసరానికంటే గట్టిగా. మా ఆవిడ తమ్ముడొకడు బడి మానేసి లారీ ఎక్కాడు, వాడి సంగతి తెలియదన్నాను. కలం ఆగుతోంది, కదులుతోంది, ఎక్కువగా ఆగుతోంది. చేసిన పరీక్షల్లో మార్కులు అటూ ఇటూ కాకుండా అంచు మీద ఉన్నాయట. తెలివైనవాళ్ళు ఏళ్ళ తరబడి సర్దుకుని అలవాటు చేసుకుంటారట, అసలు ఇబ్బంది కాగితం మీద సగమే కనబడుతుందట. “చిన్నప్పటిది ఒక్కటైనా, మీరు కళ్ళారా చూసింది, ఏదైనా సరే” అంది. ఆ ‘ఏదైనా సరే’ అన్నప్పుడు గొంతులో ఇక కుదరదేమో అన్న మెత్తదనం ఒకటి వచ్చింది. డాక్టర్ల దగ్గర విన్నాను ఆ మెత్తదనం.

బద్ధకమని తీర్పు చెప్పి కొట్టేసినవి పోగా, నాకు వాడి చిన్నతనంలోది తెలిసిందల్లా ఒక్కటే. చదువుకి సంబంధించింది కాదు, మూటలకి సంబంధించింది. పెళ్ళిళ్ళలో భోజనాలయ్యాక బంధువులు నా చేత చెప్పించుకునేది. “జడ్జీగారూ, ఆ మూటల కేసు చెప్పండి” అంటారు. చెప్తాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వుతారో నాకు తెలుసు. వాడు అక్కడే ఉంటాడు, గ్లాసులు అందిస్తూ, తనూ నవ్వుతూ.

అదే చెప్పాను. ఇంటింటికీ ఇస్త్రీ బట్టలు చేర్చే పని వాడిది, తొమ్మిదేళ్ళప్పుడు. వాళ్ళమ్మ ఒక్కో ఇంటి మూటకి ఒక్కో రంగు గుడ్డ పీలిక కట్టేది. పోలీసాయనకి ఎరుపు, నర్సుకి తెలుపు, డాన్సు టీచరుకి పసుపు, అలా. నాకు చూస్తే ఒళ్ళు మండేది, లాండ్రీయా, బొమ్మల దుకాణమా అని. ఆమె అక్క తుంటి విరిగితే నెల్లాళ్ళు సాయం పోయింది. నేను పీలికలన్నీ పొయ్యిలో వేసి, పురికొసతో కట్టి, చక్కటి అక్షరాలతో పేర్లు రాసిన చీటీలు గుచ్చి పంపాను. పోలీసాయన ప్యాంట్లు డాన్సు టీచరింటికి పోయాయి. డాన్సు టీచరు గాగ్రాలు పోలీసాయనకి. ఆయన ఆ రోజు డ్యూటీకి ఎలా పోయాడో ఆయన భార్యనే అడగాలి. ఇక్కడ నవ్వుతారు. నర్సు తెల్లబట్టలు మాంసం కొట్టుకి. ఇక్కడ ఇంకా నవ్వుతారు. నెల్లాళ్ళూ అదే తంతు. తల్లి లేదన్న కోపంతో నా మీద కక్ష కట్టి చేశాడు, తొమ్మిదేళ్ళవాడికి ఎంత పగో చూడండి. తన్నాను, అయినా మారలేదు. సగం మంది ఖాతాదార్లు పోయారు.

ఆ అమ్మాయి నవ్వలేదు.

“నెలంతా అన్నీ తప్పేనా? ఏ రోజైనా సరిగ్గా వెళ్ళాయా?” అంది.

“మొదటి రోజు వెళ్ళాయి” అన్నాను.

“అన్నీనా?”

“అన్నీ.”

“ఆ రోజు ఎందుకు వెళ్ళాయంటారు?”

“అవి ఆవిడ ముందురోజు రాత్రే కట్టేసి వెళ్ళింది.”

అన్న తర్వాత ఆ మాట నేను విన్నాను. ఇన్నేళ్ళూ ఎన్నో పందిళ్ళలో చెప్పాను, మొదటి రోజు గురించి ఎన్నడూ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏమీ లేదు, తప్పు లేని రోజుకి ఎవరు నవ్వుతారు. నా కథ ఎప్పుడూ రెండో రోజు నుంచే మొదలవుతుంది. ఆ అమ్మాయి రాస్తోంది. కలం ఆగడం లేదు. నాకు కిటికీలోంచి ఎదుటి మేడ మీద నీళ్ళ ట్యాంకు కనబడుతోంది, దాని మీద కంపెనీ పేరు, తయారైన ఏడాది, ఎన్ని లీటర్లు పడుతుందో, అన్నీ చదివాను, మళ్ళీ చదివాను.

“ఆవిడ తిరిగి వచ్చాక?”

“మళ్ళీ పీలికలు కట్టింది. మళ్ళీ సరిగ్గా వెళ్ళాయి.”

“మీరేమనుకున్నారు అప్పుడు?”

“తల్లి వచ్చింది, పగ చల్లారింది అనుకున్నాను.”

“ఆవిడ ఏమీ అనలేదా?”

“పీలికలెందుకు కాల్చారు అంది. అంతే.”

అంతే అంది నిజంగానే. ప్రయాణం చేసి వచ్చిన చీరతోనే బీరువాలోంచి పాత గుడ్డలు తీసి కూర్చుని చింపడం మొదలుపెట్టింది. చర్ర్, చర్ర్ మని. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

“ఇది చాలండీ. నాకు కావలసింది ఇదే” అంది ఆ అమ్మాయి. “రంగు గుడ్డ కడితే తప్పు లేదు, పేరు రాస్తే తప్పు, తొమ్మిదేళ్ళకే. కొట్టినా మారలేదన్నారు చూశారూ, అది కూడా రాశాను.” ఎందుకు రాశావు అని అడగబోయాను. ఉన్నదే రాసింది.

వాణ్ణి పిలిచింది. నా పక్క కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. వాడికి డిస్లెక్సియా ఉందని, చిన్నప్పట్నుంచీ ఉందని, లైసెన్సు పరీక్షకి చదివి వినిపించే మనిషి కోసం తను రాసిస్తుందని, బల్ల మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. వాడు తల వంచుకుని విన్నాడు. “ఆ చదివేవాళ్ళు పైకి చదువుతారా, గొణుగుతారా?” అన్నాడు.

“పైకే. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదువుతారు.”

“విసుక్కోరా?”

“విసుక్కోకూడదు. అది వాళ్ళ పని.”

వాడు తలూపాడు. కళ్ళు తుడుచుకుంటాడేమో అనుకున్నాను. తుడుచుకోలేదు. చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు జారబోతుంటే లోపలికి నొక్కుకున్నాడు.

బయట టిఫిన్ డబ్బా ఆవిడ మమ్మల్ని చూసి లేవబోయి కూర్చుంది. మెట్ల దగ్గరికి వచ్చాం. ఒక అంతస్తు దిగాక వాడు ఆగాడు. నేను రెండు మెట్లు కిందకి వెళ్ళి వెనక్కి చూశాను.

“ఏం చెప్పావు నాన్నా లోపల?”

“మూటల సంగతి.”

“మళ్ళీనా” అన్నాడు. కోపం లేదు గొంతులో. అలవాటైన బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నట్టు అన్నాడు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని కిందకి చూస్తూ, “నవ్విందా?” అన్నాడు.

“లేదు. రాసుకుంది.”